ఉష్ణమండల కీటకాల విస్తరణ నుంచి ఎండెమిక్ ప్రాంతాలను గుర్తించడం: సమగ్ర మార్గదర్శి

ఒక జాతి భూమి మీద ఒక పరిమిత ప్రాంతంలో తప్ప మరెక్కడా సహజంగా జీవించకపోతే ఆ జాతిని ఆ ప్రాంతానికి ఎండెమిక్ అంటారు. ‘స్థానిక జాతి’ అనే మాటను కొందరు ఇదే అర్థంలో వాడుతున్నారు కానీ, ఆ మాట బయటి నుంచి వచ్చి చేరినది కాదు అనే భావాన్నే ఎక్కువగా ఇస్తుంది. ఒకే జాతి రెండు ఖండాలకూ స్థానికం కావచ్చు. అందువల్ల ఈ వ్యాసంలో ఎండెమిక్ అనే మాటనే ఉంచుతున్నాను.

ఎండెమిక్ జాతి ఒకటి దొరికినంత మాత్రాన అది దొరికిన చోటు ఎండెమిక్ ప్రాంతం అయిపోదు. సాలీళ్ల వర్గీకరణలో పేరొందిన నార్మన్ ప్లాట్నిక్ 1991లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, కనీసం రెండు జాతుల విస్తరణ హద్దులు ఒకదానితో ఒకటి సరిపోలినప్పుడే ఎండెమిక్ ప్రాంతం అని చెప్పగలం. హద్దులు గీత మీద గీత పడినట్టు కలవనక్కరలేదు; మనం ఎంచుకున్న కొలమానంలో పెద్ద తేడా లేకుండా కలిస్తే చాలు. సంబంధం లేని రెండు మూడు జాతులు ఒకే గీత దగ్గర ఆగిపోయాయంటే, ఆ గీత దగ్గర నదో, కొండల మధ్య కనుమో, సముద్రమో, పాత కాలపు వాతావరణ మార్పో వాటన్నిటినీ ఒకేలా ఆపి ఉంటుందని అనుమానించవచ్చు. ఎండెమిక్ ప్రాంతాలను వెతకడానికి అసలు కారణం ఈ అనుమానమే.

ఈ పని మొత్తంలో నేను అన్నిటికంటే ముందు నిలబెట్టే హెచ్చరిక ఒకటుంది. పటంలో ఖాళీగా కనిపించే చోటుకు రెండు అర్థాలు ఉంటాయి: అక్కడ ఆ పురుగు లేదు, లేదా అక్కడ ఎవరూ వెతకలేదు. పక్షులు, క్షీరదాల విషయంలో ఈ రెంటి మధ్య దూరం తక్కువ. ఉష్ణమండల కీటకాల విషయంలో అది చాలా ఎక్కువ, ఎందుకంటే అనేక జాతులు ఒకటి రెండు నమూనాల నుంచే తెలుసు. ఇక్కడ చెప్పే ప్రతి మెట్టూ ఏదో ఒక రూపంలో ఆ ఖాళీ గురించే.

మొదటి మెట్టు: ప్రశ్నను, పరిధిని కాగితం మీద పెట్టడం

ఏ భూభాగాన్ని చూస్తున్నారో, ఎంత సూక్ష్మంగా చూస్తున్నారో, ఏ ప్రశ్నకు జవాబు కోసమో లెక్కలు మొదలుపెట్టక ముందే రాసుకోండి. దేశ సరిహద్దులను పరిధిగా తీసుకోవద్దు. సరిహద్దు అవతల కూడా జీవించే జాతి మీ పట్టికలో ఎండెమిక్‌గా కనిపిస్తుంది, ఆ తప్పును తరువాత ఏ గణితమూ సరిదిద్దలేదు. ఒక పర్వతశ్రేణినో, ఒక ద్వీపసమూహాన్నో, ఒక నదీ పరివాహక ప్రాంతాన్నో తీసుకుని, దాని చుట్టూ కొంత పొరుగు నేలను కూడా కలుపుకోండి. పొరుగు లేకపోతే హద్దు ఎక్కడ ఉందో కనిపించదు.

రెండవ మెట్టు: ఏ కీటకాలను తీసుకోవాలి

ఈ పనికి కొన్ని రకాల కీటకాలే పనికొస్తాయి. సముద్రాలు దాటి వలసపోయే పాంటాలా ఫ్లావెసెన్స్ అనే తూనీగ ప్రపంచంలోని వెచ్చని ప్రాంతాలన్నిటిలో కనిపిస్తుంది. అది ఏ ప్రాంతం గురించీ మనకు ఏమీ చెప్పదు. రెక్కలు క్షీణించి ఎగరలేని నేల బీటిళ్లు, నీడలోని సన్నని వాగులను వదిలి వెళ్లని ప్లాటిస్టిక్టిడే కుటుంబపు సూదితూనీగలు, అడవి దాటి బయటికి రాని పేడపురుగులు, ఒకే మొక్క మీద పెరిగే సీతాకోకచిలుకలు మాత్రం చాలా చెబుతాయి. పడమటి కనుమలకే పరిమితమైన ఐడియా మలబారికా అనే సీతాకోకచిలుక, మడగాస్కర్‌కే పరిమితమైన హెలిక్టోప్లూరస్ ప్రజాతి పేడపురుగులు ఇందుకు మంచి ఉదాహరణలు.

సమూహాన్ని ఎంచుకునేటప్పుడు జీవన విధానంతో పాటు వర్గీకరణ స్థితిని కూడా చూడాలి. ఇటీవల ఒక నిపుణుడు ఆ ప్రజాతి మొత్తాన్ని పునఃపరిశీలించి, మ్యూజియం నమూనాలను స్వయంగా చూసి, జాతుల హద్దులను తేల్చిన సమూహమే మీకు కావలసింది. వర్గీకరణ తేలని సమూహంలో రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఒకే జాతికి మూడు పేర్లు ఉంటే మూడు చిన్న ఎండెమిక్ జాతులు ఉన్నట్టు కనిపిస్తుంది. మూడు జాతులు ఒకే పేరు కింద దాగి ఉంటే నిజమైన ఎండెమిజం కనిపించకుండా పోతుంది. కోస్టారికాలో అస్ట్రాప్టెస్ ఫుల్జిరేటర్ అనే ఒకే జాతిగా పిలుస్తూ వచ్చిన సీతాకోకచిలుకలో పది జాతులు కలిసి ఉన్నాయని 2004లో డీఎన్‌ఏ బార్‌కోడ్‌ల, అంటే జాతిని గుర్తించడానికి వాడే చిన్న డీఎన్‌ఏ భాగాల, ఆధారంగా ప్రతిపాదించారు. ఆ సంఖ్య మీద తరువాత వాదోపవాదాలు జరిగాయి కానీ, గొంగళిపురుగుల రంగులు, అవి తినే మొక్కలు వేరుగా ఉన్న సంగతి అక్కడి పరిశోధకులకు బార్‌కోడ్‌ల కంటే ముందే కనిపించింది.

ఒకే సమూహం మీద ఆధారపడటం కూడా ప్రమాదమే. పేడపురుగులు, సీతాకోకచిలుకలు, తూనీగలు అనే మూడు వేర్వేరు వంశాలు ఒకే హద్దును చూపిస్తే, ఒక వంశంలోని ముప్పై జాతులు చూపించిన దానికంటే అది గట్టి సాక్ష్యమని నా అభిప్రాయం. ఒకే వంశంలోని జాతులు ఒకే రకమైన ఉచ్చులో, ఒకే సేకర్త చేతిలో పడి ఉంటాయి కనుక వాటి ఖాళీలు కూడా ఒకే చోట ఉంటాయి.

మూడవ మెట్టు: నమోదుల సేకరణ, చీటీ చదవడం

నమోదు అంటే మూడు విషయాల కలయిక: ఏ జాతి, ఏ చోట, ఏ తేదీన. ఇవి మ్యూజియం నమూనాల నుంచి, ప్రచురితమైన వర్గీకరణ గ్రంథాల నుంచి, జీబీఐఎఫ్ వంటి ఉమ్మడి డేటాబేస్‌ల నుంచి వస్తాయి. డేటాబేస్ నుంచి దించుకోవడం సులువు కనుక చాలామంది అక్కడే ఆగిపోతారు. ఉష్ణమండల కీటకాల సేకరణలలో పెద్ద భాగం ఇంకా కంప్యూటర్‌లోకి ఎక్కలేదు కనుక అక్కడ ఆగడం తగదు.

మ్యూజియంలో ఒక బీటిల్‌ను పెట్టె నుంచి బయటికి తీసి చూడండి. సూది పురుగు శరీరంలోంచి దిగి, దాని కింద వేలిగోరంత కాగితపు చీటీలు రెండు మూడింటిని గుచ్చుకుని ఉంటుంది. పై చీటీ మీద ఊరు, ఎత్తు, తేదీ, సేకర్త పేరు ఉంటాయి. దాని కింది చీటీ మీద గుర్తించినవారి పేరు, సంవత్సరం ఉంటాయి. అట్టడుగున మ్యూజియం సంఖ్య ఉండవచ్చు. కింది చీటీని చదవాలంటే సూదిని పక్కకు వంచి చూడాలి. పై చీటీ ఒక్కటే చదివి వదిలేస్తే, యాభై ఏళ్ల కిందటి గుర్తింపును కొత్త నిపుణుడు మార్చిన సంగతి మీకు తెలియకుండానే పోతుంది.

చోటు పేరు అస్పష్టంగా ఉండటం కొత్త సమస్య కాదు. అమెజాన్‌లో నాలుగేళ్లు తిరిగి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1852లోనే మ్యూజియం నమూనాల మీద బ్రెజిల్, పెరూ, గయానా వంటి పేర్లు తప్ప మరేమీ ఉండటం లేదని, నది ఏ ఒడ్డున దొరికిందో ఎవరూ రాయలేదని ఫిర్యాదు చేశాడు. అదే వ్యాసంలో ఆయన అమెజాన్, నీగ్రో, మదీరా వంటి పెద్ద నదులు కోతి జాతులకు హద్దులుగా ఉన్నాయని చూపించాడు. ఒడ్డు తెలియకపోతే ఆ మాట చెప్పగలిగేవాడు కాదు.

అందువల్ల ప్రతి నమోదుకూ అక్షాంశ రేఖాంశాలతో పాటు అనిశ్చితి వ్యాసార్థాన్ని కూడా రాయండి. ‘ఫలానా ఊరికి ఉత్తరాన’ అని మాత్రమే ఉన్న చీటీకి ఐదు కిలోమీటర్లో పదిహేను కిలోమీటర్లో అనిశ్చితి ఉంటుంది. తరువాత భూభాగాన్ని చదరపు గళ్లుగా విభజిస్తాం; ఆ గడి వెడల్పు కంటే అనిశ్చితి ఎక్కువైన నమోదును లెక్కలోకి తీసుకోవద్దు, అయితే పారేయనూ వద్దు. వేరే పట్టికలో ఉంచితే గడి పరిమాణం పెంచినప్పుడు పనికి వస్తుంది.

నాలుగవ మెట్టు: శుభ్రపరచడం

ఇక్కడ ఎదురయ్యే తప్పులు ఎక్కువగా కొన్ని రకాలవే. అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా అని పడిన నమోదులు ఆఫ్రికా పడమటి తీరానికి దూరంగా సముద్రంలో తేలుతుంటాయి. అక్షాంశం, రేఖాంశం తారుమారు కావడం, దక్షిణార్ధగోళపు రుణ గుర్తు మరచిపోవడం, నమూనా దొరికిన చోటుకు బదులు దాన్ని దాచిన మ్యూజియం చిరునామా ఎక్కడం, చోటు తెలియనప్పుడు దేశ రాజధానినో దేశ మధ్య బిందువునో వేయడం కూడా మామూలే. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని కోఆర్డినేట్‌క్లీనర్ అనే ప్యాకేజీ వీటిలో చాలావాటిని పట్టుకుంటుంది.

విడి నమోదులలో అది తేలిగ్గా పట్టుకోలేని తప్పు ఒకటి ఉంది, దాన్ని కంటితో చూడాలి. చీటీ మీద 10 డిగ్రీల 30 నిమిషాలు అని ఉంటే దశాంశ రూపంలో అది 10.5 అవుతుంది. తొందరలో ఎవరో 10.30 అని ఎక్కిస్తారు. ఆ తేడా 0.2 డిగ్రీ, అంటే నేల మీద సుమారు 22 కిలోమీటర్లు. కొండ ప్రాంతంలో ఆ దూరంలో ఒక లోయ, ఒక శిఖరం దాటిపోవచ్చు. నమోదులో రాసిన ఎత్తును, ఆ అక్షాంశ రేఖాంశాల దగ్గర ఎత్తుల పటం చూపించే ఎత్తుతో పోల్చి చూస్తే ఇలాంటివి బయటపడతాయి: చీటీ మీద 1,800 మీటర్లు ఉండి, పటం 300 మీటర్లు చూపిస్తే ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

ఐదవ మెట్టు: వెతికిన చోట్ల పటం

నమోదుల పటం కంటే ముందు వెతికిన చోట్ల పటం గీయండి. దీన్ని దాటవేసిన పరిశోధనను నేను నమ్మలేను.

ఎందుకో ఒక చారిత్రక ఉదాహరణ చెబుతుంది. యుర్గెన్ హాఫర్ 1969లో అమెజాన్ పక్షుల విస్తరణ ఆధారంగా, మంచుయుగపు పొడి కాలాల్లో అడవి చిన్న చిన్న ఆశ్రయాలుగా విడిపోయిందని, నేటి ఎండెమిక్ కేంద్రాలు ఆ ఆశ్రయాల గుర్తులని ప్రతిపాదించాడు. 1970లలో కీత్ బ్రౌన్ హెలికోనియస్ సీతాకోకచిలుకల రంగు ఉపజాతులతో ఇలాంటి కేంద్రాలనే గుర్తించాడు. మొక్కల శాస్త్రవేత్తలు కూడా తమ కేంద్రాలను గీశారు. 1990లో బ్రూస్ నెల్సన్, ఆయన సహచరులు నేచర్ పత్రికలో ఒక సాదా ప్రశ్న వేశారు: బ్రెజిల్ అమెజాన్‌లో మొక్కలను ఎవరు, ఎక్కడ, ఎంత సేకరించారు? మొక్కల ఎండెమిక్ కేంద్రాలుగా చెప్పిన చోట్లు, సేకరణ అత్యంత ఎక్కువగా జరిగిన చోట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎక్కువ వెతికిన చోట అరుదైనవి ఎక్కువ దొరికాయి, అరుదైనవి దొరికిన చోటు ఎండెమిక్ కేంద్రంగా కనిపించింది.

వెతికిన చోట్ల పటానికి మీ సమూహానికి చెందిన అన్ని జాతుల నమోదులనూ, మామూలు జాతులవి సహా, ఒకచోట చేర్చాలి. ఒక గడిలో విస్తారమైన పేడపురుగు జాతులు పదిహేను దొరికి, మీకు కావలసిన అరుదైన జాతి దొరకకపోతే, అక్కడ ఎవరో ఎర ఉచ్చులు పెట్టి చూశారని అర్థం. ఆ ఖాళీకి బలం ఉంది. ఏ జాతీ దొరకని గడిలోని ఖాళీకి ఏ బలమూ లేదు. రహదారులు, నదీ తీరాలు, పరిశోధన కేంద్రాల చుట్టూ నమోదులు గుమికూడి ఉండటం ఈ పటంలో వెంటనే కనిపిస్తుంది.

ఒక గడిని ఎంత బాగా వెతికారో అంకెల్లో చెప్పడానికి ఛావో అంచనా ఉపయోగపడుతుంది. ఒక్క నమూనా మాత్రమే దొరికిన జాతుల సంఖ్యను వర్గం చేసి, రెండు నమూనాలు దొరికిన జాతుల సంఖ్యకు రెట్టింపుతో భాగించి, వచ్చినదాన్ని కనిపించిన జాతుల సంఖ్యకు కలపాలి. ఒక గడిలో 40 జాతులు దొరికాయనుకుందాం. వాటిలో 12 జాతులకు ఒక్కో నమూనా, 6 జాతులకు రెండేసి నమూనాలు ఉన్నాయి. 144ను 12తో భాగిస్తే 12 వస్తుంది. అంచనా 52 జాతులు. ఇది కనీసపు అంచనా మాత్రమే కనుక, ఆ గడిలో వెతుకులాట మహా అయితే 77 శాతం పూర్తయిందని చెప్పవచ్చు. ఒక హద్దు విలువను ముందే పెట్టుకుని, దానికంటే తక్కువ ఉన్న గళ్లను పటంలో గీతలు కొట్టి చూపించండి. వాటిలోని ఖాళీని సున్నాగా కాక తెలియనిదిగా పట్టికలో ఉంచండి.

వెతికిన తీరు కూడా ముఖ్యమే. టెర్రీ ఎర్విన్ పనామాలో ఒకే రకానికి చెందిన 19 చెట్ల కొమ్మల్లోకి పురుగుమందు పొగ పంపి, రాలిన వాటిలో సుమారు 1,200 బీటిల్ జాతులను లెక్కించి 1982లో ప్రకటించాడు. నేల ఉచ్చులతో మాత్రమే వెతికిన అడవిలో చెట్ల పైకప్పు మీది జాతులు లేవని చెప్పడానికి మనకు అధికారం లేదని ఆ లెక్క గుర్తుచేస్తుంది. రుతువు సంగతి కూడా అంతే: తొలి వానల తరువాత కొద్ది వారాలే బయటికి వచ్చే బీటిళ్లను ఎండాకాలపు సర్వే చూడలేదు.

ఆరవ మెట్టు: గళ్లు

భూభాగాన్ని చదరపు గళ్లుగా విభజించి, ప్రతి గడిలో ప్రతి జాతికీ ఉంటే ఒకటి, వెతికినా లేకపోతే సున్నా వేస్తూ పట్టిక తయారుచేయాలి. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ వెడల్పు సుమారు 111 కిలోమీటర్లు, కర్కట రేఖ దగ్గర సుమారు 102 కిలోమీటర్లు. అంటే డిగ్రీల గళ్లు వాడితే ఉష్ణమండలం అంచుకు వెళ్లేసరికి గడి వైశాల్యం ఎనిమిది శాతం తగ్గుతుంది. పరిధి పెద్దదైతే సమ వైశాల్య ప్రక్షేపణ, అంటే గళ్ల వైశాల్యాన్ని అంతటా ఒకేలా ఉంచే పటం పద్ధతి, వాడండి.

గడి చిన్నదైతే ఖాళీలు పెరిగి హద్దులు చిందరవందర అవుతాయి; పెద్దదైతే రెండు వేరు లోయలు ఒకటైపోతాయి. సరైన పరిమాణం అంటూ ఒకటి లేదు. మూడు పరిమాణాలు తీసుకోండి, ప్రతి దానిలో గళ్ల మూలబిందువును సగం గడి జరిపి మరోసారి చేయండి. ఆరు పటాలలోనూ నిలిచిన ప్రాంతమే చర్చకు అర్హం.

కొండల్లో చదరపు గళ్లు మోసం చేస్తాయి. డేనియల్ జాన్జెన్ 1967లో వాదించినట్టు, ఏడాది పొడవునా ఉష్ణోగ్రత పెద్దగా మారని ఉష్ణమండలంలో జీవులు సన్నని ఉష్ణోగ్రత పరిధికే అలవాటు పడతాయి కనుక, అక్కడి కొండలు వాటికి సమశీతోష్ణ మండలపు కొండల కంటే దాటరాని గోడలవుతాయి. 20 కిలోమీటర్ల గడి ఒకదానిలో 200 మీటర్ల ఎత్తున ఉన్న వేడి లోయ, 2,000 మీటర్ల ఎత్తున ఉన్న మేఘారణ్యం రెండూ పడితే, ఎప్పుడూ కలవని రెండు కీటక సమూహాలు పట్టికలో కలిసి జీవిస్తాయి. అలాంటి చోట ప్రతి గడిని ఎత్తు మేరకు రెండు మూడు అంతస్తులుగా విడగొట్టండి, లేదా చదరాలు వదిలి వాగుల పరివాహక ప్రాంతాలనే యూనిట్లుగా తీసుకోండి. ద్వీపసమూహాలలో ద్వీపమే గడి.

ఏడవ మెట్టు: విశ్లేషణ

పద్ధతులు చాలానే ఉన్నాయి. బ్రయన్ రోజెన్ 1988లో ప్రవేశపెట్టి, హువాన్ మొర్రోనే 1994లో చదరపు గళ్లకు అన్వయించిన పీఏఈ (పార్సిమనీ ఎనాలిసిస్ ఆఫ్ ఎండెమిసిటీ) పద్ధతిలో గళ్లను జీవుల్లా, జాతులను లక్షణాల్లా భావించి, అతి తక్కువ మార్పులతో వివరించగల వృక్షాన్ని కడతారు. అన్నీ సున్నాలున్న ఊహా గడిని మూలంగా పెడతారు. కనీసం రెండు జాతులు ఒక కొమ్మను ప్రత్యేకంగా నిలబెడితే ఆ కొమ్మలోని గళ్లు ఒక ఎండెమిక్ ప్రాంతం. టీఎన్‌టీ అనే ప్రోగ్రామ్‌తో ఇది గంటలో అయిపోతుంది. దీనిలో లోపం ఏమిటంటే, వృక్షంలో ఒక గడి ఒకే కొమ్మకు చెందాలి, కానీ ప్రకృతిలో రెండు ఎండెమిక్ ప్రాంతాలు ఒకదాని మీదికి ఒకటి రావచ్చు.

క్లాడియా షూమిక్, ఆమె సహచరులు 2002లో ప్రతిపాదించి, పాబ్లో గొలోబాఫ్‌తో కలిసి 2004లో మెరుగుపరచిన పద్ధతి ఈ చిక్కును తప్పిస్తుంది. ఎన్‌డీఎమ్ అనే ప్రోగ్రామ్ రకరకాల గళ్ల సముదాయాలను పరీక్షించి, ఒక్కో జాతి విస్తరణ ఆ సముదాయానికి ఎంత సరిగ్గా సరిపోతుందో సున్నా నుంచి ఒకటి వరకు మార్కు వేసి, ఆ మార్కులను కూడుతుంది. నేను మొదట దీన్నే వాడమంటాను. ప్రోగ్రామ్‌ను నడిపే ముందు చేత్తో ఒక చిన్న లెక్క చేసి చూడండి. లోపల ఏం జరుగుతుందో అప్పుడే అర్థమవుతుంది.

ఒక కొండ వరుస వెంట 1 నుంచి 8 వరకు గళ్లు ఉన్నాయనుకుందాం. నాలుగు జాతులు తీసుకుందాం. మొదటిది 3, 4, 5, 6 గళ్లలో దొరికింది. రెండవది 3, 4, 6లో దొరికింది. మూడవది 3, 4, 5, 7లో దొరికింది. నాలుగవది ఎనిమిది గళ్లలోనూ ఉంది. 3 నుంచి 6 వరకు ఉన్న నాలుగు గళ్లు ఎండెమిక్ ప్రాంతమా? అసలు సూత్రం ఇంకా వివరమైనది. దాని సరళ రూపంలో, ప్రాంతం లోపల జాతి దొరికిన గళ్ల సంఖ్యను, ప్రాంతంలోని మొత్తం గళ్లకు బయట దొరికిన గళ్ల రెట్టింపును కలిపిన మొత్తంతో భాగిద్దాం. సగం కంటే తక్కువ మార్కు వచ్చిన జాతిని ఎండెమిక్‌గా లెక్కించవద్దు.

మొదటి జాతికి నాలుగింట నాలుగు, అంటే 1. రెండవదానికి నాలుగింట మూడు, 0.75. మూడవదానికి లోపల మూడు, బయట ఒకటి కనుక ఆరింట మూడు, 0.5. నాలుగవదానికి లోపల నాలుగు, బయట నాలుగు కనుక పన్నెండింట నాలుగు, 0.33, అది లెక్కలోకి రాదు. మొత్తం 2.25. ఇప్పుడు 7వ గడిని కూడా ప్రాంతంలో కలపండి. మొదటిదానికి 0.8, రెండవదానికి 0.6, మూడవదానికి 0.8, మొత్తం 2.2. నాలుగవదానికి 0.45 వచ్చి అది మళ్లీ బయటే ఉంటుంది. కనుక నాలుగు గళ్ల ప్రాంతమే గెలిచింది, అదీ 0.05 తేడాతో.

వచ్చే వానాకాలంలో ఎవరో 7వ గడిలో ఉచ్చులు పెట్టి మొదటి జాతికి చెందిన ఒక్క పురుగును పట్టారనుకోండి. నాలుగు గళ్ల ప్రాంతంలో ఆ జాతి మార్కు 1 నుంచి 0.67కు దిగి, మొత్తం 1.92 అవుతుంది. ఐదు గళ్ల ప్రాంతం మొత్తం 2.4 అవుతుంది. ఒక్క పురుగుతో ఎండెమిక్ ప్రాంతపు హద్దు ఒక గడి జరిగింది. 7వ గడి ఐదవ మెట్టులోని పటంలో బాగా వెతికిన గడిగా ఉంటే మొదటి ఫలితాన్ని నమ్మవచ్చు. గీతలు కొట్టిన గడిగా ఉంటే ఆ హద్దును పటంలో గట్టి గీతగా గీయకూడదు.

ఎన్‌డీఎమ్‌లో కనీసం రెండు ఎండెమిక్ జాతులు, మొత్తం మార్కు 2 లేదా అంతకంటే ఎక్కువ అనే షరతు పెట్టడం పరిపాటి. ఒకటి రెండు గళ్ల తేడా ఉన్న పదుల కొద్దీ ప్రాంతాలు బయటికి వస్తాయి. వాటిని ఏకాభిప్రాయ ప్రాంతాలుగా కూర్చే అవకాశం ప్రోగ్రామ్‌లోనే ఉంది. చుట్టూ ఉన్న గళ్లలో జాతి దొరికితే మధ్యలోని ఖాళీ గడిలో కూడా ఉన్నట్టు భావించే సదుపాయం కూడా ఉంది. దాన్ని వాడవచ్చు కానీ, వెతికి లేదని తేల్చిన గడిని అలా నింపవద్దు.

మిగిలిన వాటి గురించి క్లుప్తంగా చెబుతాను. గళ్లే వద్దనుకునేవారికి 2015లో బ్రెజిల్ పరిశోధకులు ప్రతిపాదించిన జీఐఈ పద్ధతి ఉంది. ఇది ప్రతి జాతి విస్తరణ కేంద్రాన్ని, ఆ కేంద్రం నుంచి అత్యంత దూరపు నమోదు వరకు ఉన్న దూరాన్ని తీసుకుని సాంద్రత పటం గీస్తుంది. ప్రతి జాతికీ అది దొరికిన గళ్ల సంఖ్యతో ఒకటిని భాగించి కూడే భారిత ఎండెమిజం సూచిక, ఎక్కడ పరిమిత జాతులు ఎక్కువో చూపిస్తుంది కానీ, వాటి హద్దులు కలుస్తున్నాయో లేదో చెప్పదు. ఆ సూచికతో గీసిన పటానికి ఎండెమిక్ ప్రాంతాల పటం అని పేరు పెట్టడం నిర్వచనానికే విరుద్ధం. జాతి ఎక్కడ ఉండవచ్చో అంచనా వేసే మ్యాక్సెంట్ వంటి ప్రోగ్రామ్‌లతో ఖాళీలను నింపే విషయంలో నేను చాలా జాగ్రత్త కోరుతాను: అవి వాతావరణం అనుకూలంగా ఉన్న ప్రతి చోటా జాతి ఉండవచ్చునంటాయి. అనుకూలమైన చోటు ఉండి కూడా నది అడ్డుపడి చేరలేకపోయిన జాతులే మనకు కావలసినవి.

ఎనిమిదవ మెట్టు: ఫలితాన్ని కుదిపి చూడటం

ప్రతి జాతిని ఒక్కొక్కటిగా తీసివేసి విశ్లేషణను మళ్లీ నడపండి. ఒక్క జాతి తీయగానే మాయమయ్యే ప్రాంతం బలహీనమైనది. తరువాత నమోదులలో పదో వంతును యాదృచ్ఛికంగా తొలగిస్తూ వంద సార్లు నడిపి, ప్రతి గడి ఎన్ని సార్లు ఆ ప్రాంతంలో నిలిచిందో లెక్కించండి. ఒక్క నమూనాతోనే తెలిసిన జాతులన్నిటినీ తీసివేసి ఒకసారి చూడటం కూడా తప్పనిసరి, ఎందుకంటే ఒకే చోట, ఒకే రాత్రి దీపపు తెర మీద పట్టిన పది కొత్త జాతులు ఆ ఒక్క గడిని గొప్ప ఎండెమిక్ ప్రాంతంగా చూపిస్తాయి. చివరగా, ప్రాంతాల మార్కులను గళ్లలోని వెతుకులాట పరిమాణంతో పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ కలిసి పెరుగుతూ ఉంటే 1990 నాటి హెచ్చరిక మీకు కూడా వర్తిస్తుంది.

తొమ్మిదవ మెట్టు: హద్దు ఎందుకు అక్కడ ఉంది

విశ్లేషణలో వాడని సమాచారంతోనే కారణాన్ని వెతకాలి: నదుల పటం, ఎత్తులు, నేల రకాలు, ఆహార మొక్కల విస్తరణ, వంశవృక్షాలు. పాపువా న్యూ గినీలోని ఓరో ప్రావిన్స్‌కు పరిమితమైన క్వీన్ అలెగ్జాండ్రా సీతాకోకచిలుక, అంటే ఆర్నితోప్టెరా అలెగ్జాండ్రే, ఈశ్వరి తీగకు బంధువైన ఒక అడవి తీగ మీద పెరుగుతుంది. ఇలాంటి కీటకం విస్తరణను ఆహార మొక్క విస్తరణతో పోల్చకుండా భూచరిత్ర వైపు వెళ్లడం తొందరపాటు. మొక్క హద్దు దాటి కొనసాగుతూ కీటకం మాత్రం ఆగిపోతే, అప్పుడు నదిని, పర్వతాన్ని, చరిత్రను అడగాలి. సులవేసి, న్యూ గినీ ప్రాంతాల సికాడాల మీద డఫెల్స్, డి బోయర్ చేసిన పనిలో ఎండెమిక్ ప్రాంతాలను భూపలకాల కదలికలతో పోల్చారు. వంశవృక్షం చేతిలో ఉన్నందువల్లే ఆ పోలికకు విలువ వచ్చింది.

మనిషి నరికిన అడవి కూడా హద్దులు గీస్తుందని మరచిపోవద్దు. ఒకప్పుడు విశాలంగా వ్యాపించి, నేడు మిగిలిన ఒక్క అడవి ముక్కలో చిక్కుకున్న పురుగు ఎండెమిక్‌లా కనిపిస్తుంది. పాత చీటీల మీది తేదీలు ఇక్కడే పనికొస్తాయి: 1950కి ముందటి నమోదులతో ఒక పటం, తరువాతి వాటితో ఒక పటం గీసి రెంటినీ పోల్చండి.

పదవ మెట్టు: ప్రకటన

ప్రతి ఎండెమిక్ ప్రాంతానికీ ఒక పేరు, దాన్ని నిలబెట్టిన జాతుల జాబితా, గళ్ల జాబితా, మార్కు, ఏ గడి పరిమాణాలలో నిలిచిందో వివరం ఇవ్వండి. అమెజాన్‌లో నాపో, ఇనాంబరీ, రొండోనియా, బెలెం వంటి పేర్లు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. మీ ప్రాంతం అలాంటి పాత ప్రాంతంతో ఎక్కువ భాగం కలిస్తే కొత్త పేరు పెట్టకుండా పాత పేరునే ఉంచి తేడాను రాయండి. నమోదుల పట్టికను అనిశ్చితి వ్యాసార్థాలతో సహా అందరికీ అందుబాటులో ఉంచండి. అమ్మకం కోసం వేటాడే అరుదైన సీతాకోకచిలుకల విషయంలో మాత్రం కచ్చితమైన బిందువులు ఇవ్వకుండా గడి సంఖ్య వరకే ఇవ్వండి.

పటంలో హద్దులను రెండు రకాల గీతలతో గీయండి: రెండు వైపులా బాగా వెతికిన చోట గట్టి గీత, అవతలి వైపు గీతలు కొట్టిన గడి ఉన్న చోట చుక్కల గీత. పటం పక్కనే, చుక్కల గీతకు అవతల ఉన్న గళ్ల సంఖ్యలను, అక్కడ ఏ రుతువులో ఏ ఉచ్చు పెట్టాలో సూచనతో పాటు ఒక పట్టికగా ముద్రించండి. తరువాత ఆ కొండలకు వెళ్లే పరిశోధకుడు ముందుగా తెరిచేది ఆ పట్టికనే.